గడ్డిలంగా కాదు అది

  ఈ ప్రసంగం మేము నలుగురం కలిసి రాసుకున్నది. మాలో ఒకరిది సోలాపూర్, ఒకరిది బరంపురం, ఒకరిది సేలం, ఒకరిది యానాం. చదివేది ఒకరే అయినా మాట నలుగురిదీ. అందుకే 'మేము' అంటున్నాం, గొప్ప కోసం కాదు.

మన సంచికలో మగ్గం మీద వ్యాసాలకు కొదవ ఉండదు. నూలు ధర గురించి ఒకరు రాస్తారు, పవర్‌లూమ్ పోటీ గురించి ఇంకొకరు, పిల్లలు మగ్గమెక్కడం లేదని మరొకరు. అవన్నీ అవసరమే. మాకు అప్పజెప్పిన పని వేరు. మన ఇళ్ళల్లో మిగిలిన పాత చీరలు, పాత అచ్చులు, నాడెలు, ఆసుకర్రలు, జాకార్డు అట్టలు ఏం చేయాలన్నది. ఈ ప్రశ్న మీద సమాఖ్యలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మ్యూజియానికి ఇచ్చేద్దాం అని కొందరు. మనది మన దగ్గరే ఉండాలి అని కొందరు. రెండువైపులా గొంతులు కొంచెం లేచాయి కూడా. అందుకని ఆ తగవులోకి నేరుగా దిగకుండా, ముందు చాలా దూరంలో ఉన్న ఒక చోటి సంగతి చెప్తాం. ఫిజీ దీవుల ఆడవాళ్ళ సంగతి. ఓపిగ్గా వినండి, మన మాటకు తర్వాత వద్దాం.

పసిఫిక్ సముద్రంలో ఆస్ట్రేలియాకు ఉత్తరాన, తూర్పున వరసగా కొన్ని దీవులున్నాయి. పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, వనువాటు, న్యూ కలెడోనియా, ఫిజీ. ఈ ప్రాంతాన్ని మెలనీషియా అంటారు. వీటిలో ఫిజీ పేరు మన పెద్దవాళ్ళకు కొత్త కాదు. గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర వేసి చెరుకు తోటలకు పోయినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. 1879లో లియొనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి మొదటి కూలీలను తీసుకుపోయింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు పోయాయి. తమిళం, తెలుగు, మలయాళం మాట్లాడేవాళ్ళు ఎక్కారు. 1916లో ఆ ఎగుమతి ఆగేసరికి మొత్తం 60 వేల మందికి పైగా వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళు 1941లో తమకంటూ ఆంధ్ర సంఘం కూడా పెట్టుకున్నారు. సొంత ఊరు విడిచి పరాయి రాష్ట్రాల్లో తరాలు గడిపిన మనకు ఆ బాధ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈరోజు చెప్పేది ఆ వెళ్ళినవాళ్ళ సంగతి కాదు. ఆ నేల ఎవరిదో వాళ్ళ సంగతి. వాళ్ళను ఇప్పుడు ఇతౌకే అంటారు, ఫిజీ మూలవాసులు. ఇక్కడ ఒక ముడి ఉంది, చూడండి. 1874లో ఫిజీ బ్రిటిష్ చేతిలోకి పోయింది. 1875లో ఆర్థర్ గోర్డన్ అనే ఆయన మొదటి గవర్నరుగా వచ్చాడు. మన దేశం నుంచి కూలీలను రప్పించే ఏర్పాటు ఆయన కాలంలోనే మొదలైంది. అదే గోర్డన్, ఆయన చుట్టూ ఉన్న దొరలు, ఫిజీవాళ్ళ గదలు, గిన్నెలు, తిమింగలం పళ్ళు, గుడ్డలు, ఆడవాళ్ళ నడుముకట్లు పోగుచేసి ఇంగ్లండుకు పంపారు. అంటే ఒకే గవర్నరు కాలంలో మనుషులు ఇటు వచ్చారు, వస్తువులు అటు పోయాయి. గోర్డన్ బంగళాకు వచ్చిపోయే కుర్రవాళ్ళలో ఆనటోల్ ఫాన్ హ్యూగెల్ అనే ఒక బారన్ ఉండేవాడు. 1875 నుంచి 1877 దాకా ఫిజీలో తిరిగి, కొండ ఊళ్ళకు సైతం నడిచి వెళ్ళి సరుకు సేకరించాడు. తర్వాత 1883లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం మ్యూజియానికి మొట్టమొదటి క్యూరేటర్ అయ్యాడు. ఆ ఫిజీ సరుకు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ సరుకులో ఉన్న ఒక వస్తువు పేరు లికు. ఇది ఆడవాళ్ళు నడుముకు కట్టుకునేది. నార తీసి, రంగులద్ది, పైన సన్నని జడలాగా అల్లిన పట్టీకి ఆ నారపోగులు వేలాడేలా కట్టేవారు. వౌ అనే చెట్టు నార వాడేవారు. అది మన బెండ, గోంగూర, మందారం కుటుంబంలోదే. గోంగూర కట్టెను నీళ్ళలో నానేసి నార తీయడం మనవాళ్ళకు తెలిసిన పనే కాబట్టి వాళ్ళ పని ఎలాంటిదో ఊహించుకోవడం మనకు కష్టం కాదు. లికు ఒకటే రకం కాదు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఒక తీరు, పెళ్ళయ్యాక ఒక తీరు, బిడ్డలు పుట్టాక ఇంకో తీరు. పొడవు మారుతుంది, అల్లిక మారుతుంది. చూడగానే ఈమె ఎవరు, జీవితంలో ఏ మెట్టు మీద ఉంది అన్నది తెలిసిపోతుంది. మన చీర అంచు చూసి ఏ ఊరి నేత, ఎవరింటి పెళ్ళి చీర అని అమ్మమ్మలు చెప్పేవాళ్ళు కదా, అలాగ.

లికు కట్టాలంటే ముందు ఇంకొకటి జరగాలి. దాని పేరు వెయింగియా. అంటే ఆడపిల్లకు పచ్చబొట్టు పొడిపించడం. మనలో పచ్చబొట్టు మగవాళ్ళకూ ఉంది, ఆడవాళ్ళకూ ఉంది, చేతిమీదో గడ్డంమీదో పొడిపించుకుంటారు. ఫిజీలో అది ఆడవాళ్ళది మాత్రమే. పొడిచేది ఆడమనిషి, పొడిపించుకునేది ఆడపిల్ల. నడుము నుంచి తొడల పైభాగం దాకా, అంటే లికు కప్పే చోట. కొందరికి పెదవుల మూలల్లో, చేతుల మీద కూడా. పొడిచే పెద్దావిడను దౌవెయింగియా అనేవారు. నిమ్మముళ్ళు లాంటివి కర్రకు కట్టి, మసితో తయారుచేసిన రంగులో ముంచి, చిన్న సుత్తి కర్రతో కొడుతూ పొడిచేది. నొప్పి మామూలుది కాదు. రోజుల తరబడి సాగేది. అయ్యాక విందు చేసేవారు, ఆ పెద్దావిడకు గుడ్డలు, లికులు, విలువైన వస్తువులు కానుకగా ఇచ్చేవారు. ఆ తర్వాతే పిల్ల లికు కట్టేది. అంటే ఒళ్ళు మీద గీత, దానిమీద కట్టే గుడ్డ, రెండూ ఒకే పనిలో రెండు భాగాలు. ఒకటి లేకుండా రెండోది చూస్తే సగమే చూసినట్టు.

ఆ పని ఎలా పోయింది? కారణం ఒక్కటే కాదు. 1835లో వెస్లియన్ మిషనరీలు ఫిజీకి వచ్చారు. పచ్చబొట్టు పాపం అన్నారు, లికు సిగ్గులేని బట్ట అన్నారు. సముద్రం దాటి వచ్చిన మిల్లు గుడ్డ సులు పేరుతో నడుముకు ఎక్కింది. ఆ మాట వినగానే మన కడుపులో ఒక చోట కలుక్కుమంటుంది, ఆ మిల్లు గుడ్డ మన మగ్గాల మీద ఏం చేసిందో మన తాతలు చూశారు కాబట్టి. ఆ పైన 1875లో తట్టు వచ్చింది. ఫిజీ పెద్ద దొర థకొంబౌ సిడ్నీ వెళ్ళి తిరిగొచ్చిన ఓడలో ఆ రోగం దిగింది. కొన్ని నెలల్లో దాదాపు 40 వేల మంది చనిపోయారని అంచనా, అంటే జనంలో నాలుగో వంతుకు పైమాటే. అలా పోయినవాళ్ళలో పని తెలిసిన ముసలమ్మలు ఎంతమందో ఎవరు లెక్క రాశారు? దొర దిగింది, సేకరణ మొదలైంది, ఆ చావులు జరిగాయి, అన్నీ ఒకే ఏడాదిలో. వస్తువులు అంత తేలికగా చేతులు మారడానికి ఇది కూడా ఒక కారణమని మేము అనుకుంటాం. ఇంట్లో దుఃఖం ఉన్నప్పుడు పెట్టెలోని చీర ఎంతకు అడిగితే అంతకే పోతుంది. మనకు తెలియనిదా.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి వెయింగియా కనబడకుండా పోయింది. మనవరాళ్ళు అడిగితే అమ్మమ్మలు మాట దాటేసేవారు. చర్చిలో కూర్చునే ఊళ్ళో ఆ మాట ఎత్తడం మర్యాద కాదు. అలా రెండు మూడు తరాలు గడిచాయి.

2015లో కొందరు ఆడవాళ్ళు దీన్ని మళ్ళీ పట్టుకున్నారు. జోఆనా మోనోలాగి, మార్గరెట్ ఆల్, డోనిటా హల్మ్, డల్సీ స్టీవార్ట్, లూయిసా తోరా అనే కళాకారిణులు, వాళ్ళతో తారిసి వునిదిలో, ఎమా తవోలా అనే క్యూరేటర్లు. అందరూ ఫిజీ రక్తం ఉన్నవాళ్ళే. ఎక్కువమంది న్యూజీలాండు, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డవాళ్ళు. ఇది గమనించండి. పని పోయిన ఊళ్ళోంచి కాక, ఊరు దాటి బతుకుతున్నవాళ్ళలోంచి ఈ వెదుకులాట లేచింది. బయట ఉన్నవాడికే ఇంటి వాసన ఎక్కువ గుర్తుకొస్తుంది కాబోలు. మన సమాఖ్య పుట్టింది కూడా అలాగే కదా.

దానికి వెయింగియా ప్రాజెక్టు అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళు చేసిన మొదటి పని బొమ్మలు వేయడం కాదు, ప్రదర్శన పెట్టడం కాదు. సువాలో థర్స్టన్ తోటలో ఉన్న ఫిజీ మ్యూజియానికి వెళ్ళి, బీరువాలు తెరిపించి, లికులు, పచ్చబొట్టు పనిముట్లు బయటకు తీయించి కూర్చుని చూడడం. అద్దం వెనక నుంచి కాదు, దగ్గరగా. వాళ్ళలో ఒకరు మాసి గుడ్డ చేయడం తెలిసినవారు. ఒకరు పాత కాగితాలు, ఫోటోలు తవ్వడంలో చెయ్యి తిరిగినవారు. ఒక అల్లిక దగ్గర చెయ్యి తెలిసిన మనిషికి కనబడేది, చదువు మాత్రమే తెలిసిన మనిషికి కనబడదు. అచ్చులో ఎన్ని కన్నాలున్నాయో దూరం నుంచే చెప్పే మన పెద్దల సంగతి ఆలోచించండి, మీకే తెలుస్తుంది.

వాళ్ళు చూసిన వస్తువుల్లో, చదివిన రాతల్లో ఒక చిక్కు ఉంది. సేకరించినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు, పైగా పరాయి మగవాళ్ళు. వెయింగియా మగవాళ్ళకు చూపించేది కాదు. కాబట్టి దొరల నోటుబుక్కుల్లో రాసుకున్నది వినికిడి, ఊహ, సగం సగం. కొన్న లికుకు కట్టిన చీటీ మీద కట్టినావిడ పేరు ఉండదు, అల్లినావిడ పేరు ఉండదు. ఇచ్చిన దొర పేరు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. చాలా మ్యూజియాల్లో ఇంగ్లీషులో రాసిన మాట గడ్డిలంగా అని అర్థం వచ్చేది. గడ్డి ఏమిటి, లంగా ఏమిటి! నార తీసి, నానేసి, రంగేసి, పోగు పోగు అల్లిన వస్తువు అది. కారెన్ జేకబ్స్ అనే పరిశోధకురాలు 2019లో దీనిమీద ఒక పుస్తకం అచ్చేశారు. 'ఇది గడ్డిలంగా కాదు' అన్నదే ఆ పుస్తకం పేరు. మా ప్రసంగం పేరు కూడా ఆవిడ దగ్గర అరువు తెచ్చుకున్నదే.

ఆడవాళ్ళు వెళ్ళి చూసి, చర్చించి, తమ తమ పనిలో పెట్టి, 2016 మార్చిలో ఆక్లండ్‌లోని సెయింట్ పాల్ స్ట్రీట్ గ్యాలరీలో ప్రదర్శన చేశారు. పాత లికును ఉన్నదున్నట్టు తిరిగి అల్లి గోడకు తగిలించలేదు. ఇప్పటి తమ జీవితంలో దాని చోటు ఏమిటని అడిగారు. 2021లో క్రైస్ట్‌చర్చ్‌లో ఇంకో ప్రదర్శన జరిగింది. ఈలోగా ఇంకో సంగతి జరిగింది. పాపువా న్యూగినీ మూలాలున్న జూలియా మాగేఆవు గ్రే అనే నాట్యకారిణి పచ్చబొట్టు పని చేతితో పొడిచే పద్ధతిలో నేర్చుకుని, తన పొరుగు దీవుల ఆడవాళ్ళకు కూడా పొడవడం మొదలుపెట్టారు. ఫిజీ ఆడవాళ్ళు కొందరు వందేళ్ళకు పైగా తర్వాత మళ్ళీ వేయించుకున్నారు. బీరువాలో ఉన్న గీత ఒంటిమీదికి వచ్చింది. మ్యూజియం చేయగలిగిన మంచి పని ఏదైనా ఉంటే ఇదే అని మా ఉద్దేశం. దాచినందుకు మెచ్చుకోవాలి, నిజమే. ఆ పని తెలిసినవాళ్ళకు తలుపు తీసినందుకు ఇంకా ఎక్కువ మెచ్చుకోవాలి.

అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. పెద్దవాళ్ళకు ఇది నచ్చాలని లేదు. చర్చి పద్ధతిలో పెరిగిన మనిషికి అమ్మమ్మ తొడమీది గీతల మాట పదిమందిలో వినడం ఇబ్బందే. ఆ ఇబ్బందిని వెనకబాటుతనం అని కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. అన్నీ అందరికీ చూపించాల్సినవి కావు. మన ఇళ్ళల్లో కూడా కొన్ని బట్టలున్నాయి, పురిటికి వాడినవి, చావుకు కప్పినవి. వాటిని అద్దాల పెట్టెలో పెట్టి దీపం వేయాలా అని అడిగితే మాలో నలుగురం నాలుగు రకాలుగా చెప్తాం.

ఇప్పుడు మాసి గురించి కొంచెం చెప్పాలి, అది బట్ట కాబట్టి. నేసే బట్ట కాదు, కొట్టే బట్ట. పడుగూ లేదు, పేకా లేదు. మాసి అనేది ఒక చెట్టు పేరు, దాని పట్టతో చేసిన గుడ్డ పేరు కూడా అదే. మల్బరీ జాతి చెట్టు. తోటలో వేసి పెంచుతారు. మనిషి ఎత్తు దాటాక కొట్టి, బెరడు ఒలిచి, పైపొర గీకేసి, లోపలి తెల్ల పొరను నానేస్తారు. తర్వాత దుంగ మీద పరిచి, ఇకే అనే బరువైన కర్రతో కొడతారు. వేళ్ళంత వెడల్పున్న పట్ట కొడుతూ కొడుతూ ఉంటే జానెడు, మూరెడు వెడల్పుకు సాగుతుంది. పొరమీద పొర వేసి కొడితే అతుక్కుంటుంది. పొద్దున్నే ఊళ్ళోకి అడుగుపెడితే ముందు వినబడేది ఆ కొట్టే చప్పుడే అని చూసివచ్చినవాళ్ళు రాశారు. మన వీధుల్లో ఒకప్పుడు మగ్గం చప్పుడు ఎలాగో అక్కడ ఆ చప్పుడు అలాగ.

గుడ్డ ఆరాక దానిమీద అచ్చు వేస్తారు. కేసకేసా అంటారు. పూర్వం ఆకుల్లో నమూనా కోసి, ఆ కంత మీద రంగు అద్దేవారు. ఇప్పుడు చాలామంది వాడేది ఏమిటో తెలుసా, ఆసుపత్రిలో పారేసిన పాత ఎక్స్‌రే ఫిల్ములు! అవి చిరగవు, తడిస్తే ఉబ్బవు. పని తెలిసినవాడు చేతికి అందినదాన్ని వాడుకుంటాడు. రంగులు ముఖ్యంగా రెండు. ఎర్రమట్టి గోధుమ రంగు, మసి నలుపు. మాసి మీద మసి అన్నమాట. మన మసికి వాళ్ళ మాసికి సంబంధమేమీ లేదు, మాట కలిసింది అంతే, కానీ మాకు నవ్వొచ్చింది. లౌ దీవులు, వాతులేలే దీవి ఈ పనికి పేరుమోసినవి. ఒక్కో చోట ఒక్కో అమరిక. పెళ్ళికి, పుట్టుకకు, చావుకు, పెద్దల పట్టాభిషేకానికి మాసి లేకుండా జరగదు. పని మొత్తం ఆడవాళ్ళది.

2012, 2013 ప్రాంతంలో ఫిజీ జాతీయ విమాన సంస్థ పాత పేరు ఎయిర్ పసిఫిక్ తీసేసి ఫిజీ ఎయిర్‌వేస్ అని పెట్టుకుంది. విమానం తోకమీద మాసి నమూనా వేయించింది. గీసింది మకెరేటా మటెమోసి అనే మాసి కళాకారిణి. విమానం అందంగానే ఉంది. ఊళ్ళో పనిచేసే ఆడమనిషి గీత ఆకాశంలో తిరిగిందంటే ఎవరికి సంతోషం ఉండదు. ఆ తర్వాత కంపెనీ 15 నమూనాలను తన ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టింది. అక్కడ రగిలింది. ఇవి ఒకరివి కావు, వంశాలవి, దీవులవి, ఒకరి పేరున ఎలా రాస్తారని ఫిజీవాళ్ళు దేశంలోనూ బయటా గొడవ చేశారు. మామూలుగా మాసి చేసుకునేవాళ్ళకు అడ్డు రాము అని కంపెనీ చెప్పింది. కానీ ప్రశ్న అది కాదు. మా ఇంటి ముగ్గు నువ్వు నీ పేరున రిజిస్టరు చేయించుకుని, వేసుకోండి, నేనేమీ అనను అంటే, ఆ మాట మనకు ఎలా తగులుతుంది?

గీసినావిడ తప్పు చేసిందని మేము అనడం లేదు. ఆవిడ చేతిపని ఆవిడ చేసింది. చట్టం దగ్గర ఉన్న లోటు అది. కళాకారుడు ఒక్కడు అనుకుని రాసిన చట్టం ఊరందరిదీ అయిన పనికి సరిపోదు. మన దేశంలో 1999లో భౌగోళిక గుర్తింపు చట్టం వచ్చింది, 2003 నుంచి అమలైంది. పోచంపల్లి ఇకత్, సోలాపూర్ చద్దర్, బరంపురం పట్టు ఆ గుర్తింపు పొందినవే. అది మేలే. కానీ ఆ చట్టం ఊరి పేరును కాపాడుతుంది. ఫలానా అంచు ఫలానా ఇంట్లో పుట్టిందన్న సంగతిని కాపాడదు. ఆ పని చట్టం చేయదు. మనం రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఎవరూ రాయరు.

ఇక మన వస్తువులు ఎక్కడున్నాయో చూద్దాం. లండన్‌లో ఇండియా మ్యూజియం అని ఒకటి ఉండేది. అందులో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి మన దేశపు బట్టల్లోంచి ముక్కలు కత్తిరించి, అట్టలకు అంటించి, 1866లో 18 సంపుటాలు తయారుచేశాడు. 700 నమూనాలు. అలాంటివి 20 సెట్లు చేయించాడు. 13 సెట్లు బ్రిటన్‌లో ఉంచుకుని, 7 మన దేశానికి పంపారు. ఆ ముక్కల్లో మద్రాసు రాజధాని నేత కూడా ఉంది. ఎందుకు చేయించాడు? ప్రదర్శనకు కాదు. ఈ దేశపు మనిషి ఏం కట్టుకుంటాడో, ఎంత పొడవు కట్టుకుంటాడో, ఏ అంచు ఇష్టపడతాడో చూసి మాంచెస్టరు, ప్రెస్టన్ మిల్లుల వాళ్ళు అదే అచ్చులో నేసి మనకే అమ్మడానికి. ఒక సెట్టు ఈనాటికీ ప్రెస్టన్ ఊళ్ళో హ్యారిస్ మ్యూజియంలో ఉంది.

ఆ ముక్కలను తలచుకుంటే మనసు రెండు విధాలుగా పోతుంది. మన పొట్టకొట్టడానికి చేసిన పుస్తకం అది. అదే పుస్తకం లేకపోతే నూటయాభై ఏళ్ళ కిందటి మన అంచులు కొన్ని ఈరోజు ఏ కంటికీ కనబడవు. కోపమూ నిజమే, ఆ రెండోదీ నిజమే. ముక్క పక్కన ఊరి పేరు, కొలత ఉంటాయి. నేసినవాడి పేరు మాత్రం వెదికినా దొరకదు. ఫిజీ లికుకు కట్టిన చీటీలాంటిదే ఇదీ.

ఇప్పుడు మన తగవు. మ్యూజియానికి ఇద్దామా, మన దగ్గర ఉంచుకుందామా? మా నలుగురికీ తోచింది ఏమిటంటే, ఆ ప్రశ్న రెండోది. మొదటి ప్రశ్న, చీటీ మీద ఏం రాస్తాం, ఎవరు రాస్తారు అన్నది. చీటీ సరిగా లేని చీర మన మార్కండేయ మందిరంలో ఉన్నా ఒకటే, లండన్‌లో ఉన్నా ఒకటే. చీటీ సరిగా ఉండి, మన పిల్ల వెళ్ళి అడిగితే బీరువా తీసి చూపించే చోటు అయితే, అది ఏ ఊళ్ళో ఉన్నా ఫరవాలేదు. మన కట్టడంలో తేమ, చెదలు, ఎలుకలు ఉంటే మనది అన్న పట్టుదలతో చీరను చంపుకోవడం తెలివి కాదు. ఆ మాటకు మాలో సేలం ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, అది కూడా ఇక్కడ రాస్తున్నాం. ఇచ్చేస్తే మళ్ళీ చూడ్డానికి అర్జీ పెట్టుకోవాలి కదా అని ఆయన అంటారు. కాబట్టి ఇచ్చేటప్పుడే కాగితం మీద షరతు రాయించాలి. నేతవాళ్ళు అడిగితే అద్దం లేకుండా చూపించాలి, నమూనా ఎత్తుకోనివ్వాలి, బయటి కంపెనీ ఎవరైనా ఆ నమూనా వాడుకోవాలంటే సమాఖ్యను అడగాలి. ఒప్పుకుంటే ఇద్దాం, లేకపోతే లేదు.

ఇంకో మాట, ముఖ్యంగా ఆడవాళ్ళకు. మన సభల్లో పాత నేత గురించి మాట్లాడేది మగవాళ్ళే. నూలు వడికింది ఎవరు, కండె చుట్టింది ఎవరు, ఆసు పోసింది ఎవరు, గంజి పెట్టింది ఎవరు? మగ్గంమీద కూర్చున్న మనిషి ఒక్కడి పేరే నేతగాడని మిగిలింది. ఫిజీలో దొర మగవాడు కావడం వల్ల సగం సంగతి రాతకెక్కలేదు. మన దగ్గర రాసేవాళ్ళం మనమే అయి కూడా ఆ సగం వదిలేస్తే, దానికి దొరను తిట్టలేం. కాబట్టి ఇళ్ళకు వెళ్ళి పెద్దావిడలతో మాట్లాడే పని మన ఆడపిల్లలకే అప్పజెప్పాలని మేము కోరుతున్నాం. అత్తగారు కోడలికి చెప్పే మాట కమిటీ సెక్రటరీకి చెప్పరు.

పని తేలికగానే పెట్టుకున్నాం. పాత చీర కానీ పంచె కానీ చద్దరు కానీ ఉన్నవాళ్ళు దాన్ని ఎక్కడికీ తేవద్దు. ఇంట్లోనే పగటి వెలుతురులో పరిచి ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీయండి. మొత్తం ఒకటి, అంచు ఒకటి, కొంగు ఒకటి, వెనకవైపు ఒకటి. వెనకవైపు మరిచిపోవద్దు, పని తెలిసేది అక్కడే. పక్కన ఒక స్కేలు పెట్టండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళను మాట్లాడించి రికార్డు చేయండి. ఎవరు నేశారు, కండెలు ఎవరు చుట్టారు, నూలు ఏ షావుకారు ఇచ్చాడు, ఆ అంచును ఇంట్లో ఏమని పిలిచేవారు. సోలాపూర్ తెలుగులో చెప్పినా, బరంపురం తెలుగులో చెప్పినా, మధ్యలో మరాఠీ, ఒడియా, కన్నడ, తమిళం మాటలు దొర్లినా సరిదిద్దవద్దు. వాళ్ళ నోటి మాట ఎలా ఉంటే అలాగే ఉండనివ్వండి. తెలుగు రాయడం రాని పిల్లలు మాటనే పంపండి, రాసే పని మేము చేసుకుంటాం. ఇంట్లోవాళ్ళు బయటకు చూపించవద్దు అన్న బట్ట ఉంటే, దాని ఫోటో పంపవద్దు. ఉందన్న మాట ఒక్కటి చెబితే చాలు.

రికార్డు చేసిన పెద్దావిడ పేరు, ఆమె ఒప్పుకుంటేనే చీటీలో మొదటి వరసలో వస్తుంది. ఫోటో తీసినవారి పేరు చివరి వరసలో. ఈ క్రమం మార్చమని ఎవరు అడిగినా మేము మార్చం. సోలాపూర్, బరంపురం ఇళ్ళతో మొదలుపెడుతున్నాం. ఆ రెండు ఊళ్ళవాళ్ళు ఈ సభ అయ్యాక తెర దగ్గరే ఉండండి, ఎవరు ఏ వీధికి వెళ్ళాలో ఇప్పుడే పంచుకుందాం.